బొమ్మ పలకని రోజు

కరోనా తగ్గి నర్సింగ్ స్కూళ్ళు మళ్ళీ పూర్తిగా నడవడం మొదలైన మరుసటి ఏడాది, శ్రావణ మాసం మొదట్లో, నన్ను విజయనగరంలో ఒక నర్సింగ్ స్కూలుకు పరిశీలకురాలిగా వేశారు. అప్పటికి నేను శ్రీకాకుళంలో వైస్ ప్రిన్సిపాల్‌ని. పని పేరు ఘనంగానే ఉంది: బోధనా పద్ధతులు, విద్యార్థులు నేర్చుకునే తీరులు, వీటి పరిశీలన. చేయవలసింది మాత్రం క్లాసులో చివరి బెంచీ మీద నోరు మూసుకుని కూర్చోవడం. పరిశీలకురాలు పాఠం మధ్యలో మాట్లాడకూడదు, తల ఊపకూడదు, తప్పు కనబడినా మొహం చిట్లించకూడదు. ఉద్యోగమంతా గొంతు చించుకుని బతికిన మనిషిని. నాకు అంతకు మించిన శిక్ష ఏముంటుంది?

నర్సింగ్‌లో పాఠం రెండు చోట్ల జరుగుతుంది. క్లాసు గదిలో చెప్పేది ఒకటి. స్కిల్స్ ల్యాబ్‌లో చేయించేది ఇంకొకటి. ల్యాబ్‌లో మంచాల మీద నిలువెత్తు రబ్బరు బొమ్మలు పడుకుని ఉంటాయి. టీచరు ముందు బొమ్మ మీద చేసి చూపిస్తారు. తర్వాత విద్యార్థి అదే పని మళ్ళీ చేసి చూపించాలి. దాన్ని రిటర్న్ డెమాన్‌స్ట్రేషన్ అంటాం. ఇక నేర్చుకునే తీరులంటారా, కొందరికి వింటే పడుతుంది, కొందరికి చూస్తే పడుతుంది, కొందరికి చేత్తో చేస్తే గాని పడదు అని మా పుస్తకాలు చెబుతాయి. ఆ మూడు గడుల్లో ఇమడని పిల్ల ఎదురైతే ఏం చేయాలో మాత్రం చెప్పవు.

ల్యాబ్ క్లాసు మధ్యాహ్నం భోజనాలయ్యాక ఉండేది. ఆ గది ఇప్పటికీ నాకు కలలో చూసినట్టే గుర్తు. బయట ముసురు. కిటికీకి ఆనుకుని కానుగ చెట్టు ఉండటంతో లోపలికి వచ్చే వెలుతురంతా ఆకుపచ్చగా ఉండేది. మంచాల మధ్య తెరలు కూడా ఆకుపచ్చవే. స్పిరిట్ వాసన, తడి గోడల వాసన, పాత ఫ్యాను కిర్రుమని తిరగడం. తెల్లకోట్లు వేసుకున్న ఆడపిల్లలు నీళ్ళలో నడుస్తున్నట్టు మెల్లగా అటూ ఇటూ కదిలేవారు. పొద్దున్నే శ్రీకాకుళంలో బస్సెక్కి వచ్చి, అన్నం తిని కూర్చున్నదాన్ని. నిద్రపోలేదు గాని, మెలకువగా ఉన్నానని ఒట్టు వేయలేను. అట్లాంటి ఒక మధ్యాహ్నం నా ఎదుటి మంచం మీద ఉన్న బొమ్మ నోరు విప్పింది.

"ఓ గుంటా, ఆ సూది నాకేనేటి? సెప్పకుండా ఏసేత్తావేటి?"

నేను ఉలిక్కిపడి బెంచీ మీద నుంచి లేచిపోయాను. పిల్లలెవరూ కంగారు పడలేదు. సిరంజి పట్టుకున్న అమ్మాయి బొమ్మ వైపు వంగి, ఇది నొప్పి తగ్గే మందని, భయపడొద్దని చెబుతోంది. ఇంతకు ముందు ఏ మందైనా పడక ఒంటి మీద దద్దుర్లు వచ్చాయా అని కూడా అడిగింది. బొమ్మ కాసేపు ఆలోచించి, ఎప్పుడో పెళ్ళిలో వంకాయ కూర తిన్నప్పుడు వచ్చాయంది. ఇంకా చెప్పబోతుంటే ఆ పిల్ల, కూరల సంగతి కాదు, మందుల సంగతి చెప్పు తాతా అని మెత్తగా దారిలో పెట్టింది.

తెర వెనక స్టూలు మీద కూర్చుని ఆ గొంతు ఇస్తున్నది సింహాచలం గారు. ఆ ల్యాబ్ ట్యూటర్. పాతపట్నం వైపు మనిషి, టీచింగ్‌లోకి రాకముందు వార్డులో స్టాఫ్ నర్సుగా చేశాడు. సన్నగా, సిగ్గుగా ఉంటాడు. స్టాఫ్ రూములో నాలుగు మాటలు మాట్లాడాలంటే మూడు మింగేస్తాడు. ఆ మనిషి తెర వెనక్కి వెళితే ముసలాడైపోయేవాడు, బాలింతరాలైపోయేవాడు, కోడలి మీద కోపంతో మందు వేసుకోనని మొండికేసే అత్తగారైపోయేవాడు. పాతపట్నం ఒడిశాకు ఆనుకునే ఉంటుంది కనక ఆ ముసలి బొమ్మకు ఆయన పెట్టిన పేరు అజా. ఒడియాలో తాత అని అర్థం.

ప్రిన్సిపాల్ గారికి ఇది గిట్టలేదు. ల్యాబ్‌ను నాటకాల పందిరి చేశాడని, మీ రిపోర్టులో ఒక్క మాట రాస్తే ఆపించేస్తానని నాతో అన్నారు. నిజం చెప్పాలంటే నాకూ మొదట చిర్రెత్తింది. సిలబస్‌లో లేని వేషాలంటే నాకు పడదు. ఆ సాయంత్రమే సింహాచలం గారిని పిలిచి, ఇదేం పద్ధతి, ఏ పుస్తకంలో ఉంది అని అడిగాను. ఆయన నేల చూపులు చూస్తూ, పుస్తకం సంగతి తనకు తెలియదని, గౌరీశ్వరి కోసం మొదలుపెట్టానని చెప్పాడు.

గౌరీశ్వరి నేను చూసిన ఆ సిరంజి అమ్మాయే. గరివిడి దగ్గర పల్లె, వరి పండించుకునే ఇల్లు. చెయ్యి అద్భుతం. ట్రే సర్దినా, పక్క వేసినా, కట్టు కట్టినా వంక పెట్టడానికి ఉండదు. కానీ క్రితం ఏడు ప్రాక్టికల్ పరీక్షలో ఫెయిలైంది. ఏ పని చేసినా ముందు నర్సు తన పేరు చెప్పుకోవాలి, ఏం చేయబోతోందో రోగికి వివరించాలి, సరేనా అని అడగాలి. వీటికి విడిగా మార్కులుంటాయి. ఈ పిల్ల గదిలోకి వచ్చి, ఒక్క మాటా మాట్లాడకుండా బొమ్మకు ఇంజక్షన్ చేసి, దణ్ణం పెట్టి వెళ్ళిపోయిందట. పరీక్ష చేసేవాళ్ళు ఊరుకుంటారా? ఈసారి సప్లిమెంటరీ. ఇది కూడా తప్పితే చదివింది చాలు, ఇంటికి వచ్చెయ్ అని తండ్రి తేల్చి చెప్పాడు. నర్సు కావడం తప్ప ఆ పిల్లకు వేరే కోరిక లేదు.

ఒకనాడు వరండాలో నేనే ఆమెను ఆపాను. వార్డులో ముసలమ్మలతో గలగలా మాట్లాడతావు కదా, పరీక్షలో ఆ నాలుగు ముక్కలు అనడానికి నీకేం రోగం అని అడిగాను. కొంచెం కటువుగానే అడిగాను. ఆమె కళ్ళెత్తి చూసింది.

"మాట రాక కాదు మేడమ్. పలకని దాన్ని ఎలగ పలకరిస్తాం? అది బొమ్మని నాకు తెలుస్తన్నాది కదా."

అంతే. భయం లేదు, బద్ధకం లేదు. తతిమ్మా పిల్లలందరూ బొమ్మను మనిషని అనుకుని, ఎదురు జవాబు వచ్చినట్టు నటించి ఆ మాటలు గడగడా అప్పజెప్పేస్తారు. ఈ పిల్లకు నటించడం రాదు. అవతల నుంచి జవాబు వస్తేనే ఆమె నోట మాట వస్తుంది. సింహాచలం గారు అది కనిపెట్టి స్టూలు పట్టుకెళ్ళి తెర వెనక కూర్చున్నాడు.

ఆ తర్వాత నేను ఆపించే మాట ఎత్తలేదు, చూస్తూ కూర్చున్నాను. రోజులు ఒకదానిలోంచి ఒకటి మెత్తగా జారిపోయాయి. ఏ గొంతు ఏ మంచం మీద నుంచి వస్తుందో పిల్లలకు తెలిసేది కాదు. బాగా నొప్పిగా ఉన్న రోగి ఒక్క మాటే మాట్లాడేవాడు. చెవుడు ఉన్న ముసలమ్మకు అదే సంగతి రెండుసార్లు చెప్పాలి. గౌరీశ్వరి నెమ్మదిగా అడగడం, ఆగడం, విన్నదాన్ని బట్టి చేతిలో పని మార్చుకోవడం నేర్చింది. ఆమెకు ఇప్పుడు ఆ మంచం మీద ఉన్నది బొమ్మ కాదు, రోగే. సాయంత్రం బస్సులో తిరిగి వెళుతుంటే, తడిసిన పొలాలు చీకట్లో కలిసిపోతుంటే, కిటికీ పక్క సీటులో అజా కూర్చుని తన నడుం నొప్పి సంగతి నాకు చెబుతున్నట్టే ఉండేది. నాకు ఆ ముసలాడంటే ఇష్టం పుట్టింది, దాచుకోవడం ఎందుకు?

పరీక్ష రోజు వచ్చింది. పాఠం చెప్పిన ట్యూటర్ పరీక్ష గదిలో ఉండకూడదన్నది నియమం. సింహాచలం గారు బయట వరండాలో ఉండిపోయాడు. తెరలన్నీ పక్కకు లాగేశారు. బయటి జిల్లా నుంచి వచ్చే పరీక్షాధికారిణిని ఎక్స్‌టర్నల్ అంటాం. ఆ రోజు వచ్చినావిడది కర్నూలు వైపు. సీనియర్, నవ్వని మనిషి. నాకు ఒక మూల కుర్చీ వేశారు. మామూలే, నోరు మెదపకూడదు.

గౌరీశ్వరికి వచ్చిన పని, ఆపరేషన్ అయిన రోగికి నొప్పి మందు కండరంలోకి ఇవ్వడం. ట్రే సర్దుకుంది. చేతులు కడుక్కుంది. బొమ్మ దగ్గరికి వెళ్ళి, వంగి, స్పష్టంగా పలకరించింది. తన పేరు చెప్పింది. ఏం మందో చెప్పింది. ఏయమంటావా తాతా అని అడిగింది. నేను ఊపిరి పీల్చుకున్నాను. క్రితం ఏడు పోయిన మార్కులు అవే.

అడిగి, జవాబు కోసం ఆగింది.

గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. తాతా అని మళ్ళీ పిలిచింది. రెండు భుజాలూ తట్టింది. బొమ్మ ముక్కు దగ్గర చెంప పెట్టి, ఛాతీ లేస్తోందా అని చూసింది. మెడ పక్కన వేళ్ళు ఆనించింది. రబ్బరు మెడలో నాడి ఎక్కడిది? ఆమె మొహం మారిపోయింది. ట్రే పక్కకు నెట్టి, పేషెంట్ పలకడం లేదు, నాడి లేదు, సాయం రండి అని గట్టిగా కేకవేసి, రెండు చేతులూ ఛాతీ మీద పెట్టి నొక్కడం మొదలుపెట్టింది. గుండె ఆగిన రోగికి చేసే సీపీఆర్ అది. పక్క మంచం దగ్గర తన వంతు కోసం నిలబడ్డ అమ్మాయి నిజంగానే ఎమర్జెన్సీ ట్రాలీ తోసుకుంటూ పరిగెత్తుకొచ్చింది.

ఎక్స్‌టర్నల్ ఆగమంది. రోగికి స్పృహ ఉందనుకో, అడిగిన ఇంజక్షన్ చేయి, టైము అయిపోతోంది అంది. ఇంజక్షన్ చేయకపోతే సున్నా. ఆ పిల్ల చదువు నా కళ్ళ ముందే పోతోంది, నేను దిష్టిబొమ్మలా కూర్చుని ఉన్నాను. గౌరీశ్వరి చేతులు ఆపలేదు.

"పలకనేదు మేడమ్. పలకనోడికి సూది ఎలగేస్తాను?"

ఎక్స్‌టర్నల్ పెన్ను బల్ల మీద పెట్టింది. అయిపోయిందనుకున్నాను. ఆమె నెమ్మదిగా నడిచి వెళ్ళి మంచం తల వైపు నిలబడింది. అంతవరకు ఉత్త ఆఫీసు భాష మాట్లాడిన ఆ గొంతులోంచి వాళ్ళ ఊరి మాట వచ్చింది.

"ఏందమ్మా, రొమ్ము అట్ల నొక్కుతాండావు? నొప్పి అయితాంది."

గౌరీశ్వరి చేతులు ఆగాయి. ఆమె ఎక్స్‌టర్నల్ వైపు చూడలేదు, బొమ్మ మొహంలోకే చూసింది. తెలివొచ్చిందా తాతా, కదలకు అంది. సూది వేసి పో తల్లీ అని కర్నూలు ముసలాడు అడిగాడు. ఇప్పుడే తెలివొచ్చింది, డాక్టరు చూస్తే గాని వేయను అంది ఈ పిల్ల. డాక్టరు చూసి పోయినాడు, వేయమన్నాడు అన్నాడు ముసలాడు. గౌరీశ్వరి నమ్మలేదు.

"ఆ ముక్క డాక్టరు సెప్పాలి తాతా. నువ్వు సెప్తే సాలదు."

రోగి నోటి మాట మీద మందు ఇవ్వకూడదు, డాక్టరు రాతపూర్వకంగా ఆర్డరు ఇవ్వాలి. మొదటి ఏడాది మొదటి పాఠం అది. ఎక్స్‌టర్నల్ మంచానికి వేలాడుతున్న కేసు షీటు తీసుకుని, డాక్టరుగా తానే ఆర్డరు రాసి సంతకం పెట్టింది. గౌరీశ్వరి దాన్ని చదివింది. మళ్ళీ చేతులు కడుక్కుంది. తాతకు మళ్ళీ మొదటి నుంచి చెప్పింది, ఏయమంటావా అని అడిగింది. ఏసెయ్ తల్లీ అన్నాక ఇంజక్షన్ చేసింది. టైము దాటిపోయింది. ఎక్స్‌టర్నల్ గడియారం వైపు చూడలేదు.

టీ తాగేటప్పుడు ఆవిడ నాతో ఒక్క మాటే అంది. పొద్దుటి నుంచి అందరూ బొమ్మను సరేనా అని అడిగి, అది ఔనన్నట్టు సూది పొడిచేశారట. జవాబు రాలేదని గమనించింది ఈ ఒక్క పిల్లేనట. గౌరీశ్వరి పాసైంది. సింహాచలం గారి పద్ధతిని కొనసాగించాలని, మిగతా ట్యూటర్లకు కూడా నేర్పించాలని నేను రిపోర్టులో రాశాను. ప్రిన్సిపాల్ గారు గొణుక్కున్నారు గాని ఒప్పుకున్నారు.

ఆ రోజు బయటికి రాగానే వరండాలో సింహాచలం గారు ఎదురొచ్చి, మాటాడిందా మేడమ్ అని అడిగాడు. మాట్లాడింది, జవాబు కోసం ఆగింది కూడా అని చెప్పాను. ఆయనకు అది చాలింది.

ఈ సంఘటన నాకు నేర్పింది ఇది. క్లాసులో కూర్చుని చూస్తే టీచరు ఎలా చెబుతున్నాడో తెలుస్తుంది, అంతవరకే. అది విద్యార్థికి చేరిందా లేదా అన్నది టీచరు లేని గదిలో, ఆయన నేర్పని పరిస్థితి ఎదురైనప్పుడు చూడాలి. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏ స్కూలుకు పరిశీలనకు వెళ్ళినా, కుర్చీ వేసుకుని కూర్చున్నాక నేను మొదట చేసిన పని, టీచరును కాసేపు బయటికి వెళ్ళమనడం.