ముందే చెప్పిన సాక్ష్యం

మా చర్చిలో ఎవరు కొత్త బండి కొన్నా ముందు గేటు దగ్గర ఆపి పాస్టరు అయ్యగారి చేత ప్రార్థన చేయిస్తారు. స్కూటరుకు క్లుప్తంగా, కారుకు విస్తారంగా. మా బావ కొన్న కరెంటు ఆటోకు మధ్యస్థంగా జరిగింది. ఆ తర్వాత లోపల సాక్ష్యాల సమయంలో బావ లేచి నిలబడ్డాడు.

సాక్ష్యమంటే తనకు జరిగిన మేలును నలుగురిలో చెప్పి దేవుడికి కృతజ్ఞత తెలుపుకోవడం. జ్వరం తగ్గాక చెబుతారు, ఉద్యోగం వచ్చాక చెబుతారు. బావ మాత్రం జరిగినవాటితో పాటు జరగబోయేవి కూడా కలిపి చెప్పేశాడు.

"దేవునికి స్తోత్రం. పాత డీజిల్ బండి తుక్కుకిచ్చిన. పర్మిట్ గూడ వాపస్ ఇచ్చిన. సర్కారు సాయం జేస్తున్నది. మా ఉప్పల్ స్టాండులనే చార్జింగ్ స్టేషన్ వెడుతున్నరు. ఇగ నాకు ఏ ఫికర్ లేదు."

అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను. రామంతాపూర్‌లో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. పర్యావరణ విద్య అనే పేపరును కూడా, వేరే ఎవరికీ ఖాళీ లేదని, నాకే అంటగట్టారు. ప్రభుత్వం విద్యుత్ వాహనాలను ప్రోత్సహిస్తోందని పిల్లలు పరీక్షలో రాస్తే పూర్తి మార్కులు వేయడం నా వృత్తి ధర్మం. ఆమెన్ అనడంలో నాకు పెద్ద ఇబ్బంది కలగలేదు.

పర్మిట్ వాపసు ఇచ్చాడన్న మాట మాత్రం స్టాండులో ఎవరికీ మింగుడు పడలేదు. ఈ ఊళ్లో ఆటో కన్నా ఆటో పర్మిట్ గట్టిది. ఆటో తుప్పు పడుతుంది, పర్మిట్ పట్టదు. కొత్తది అంత తేలిగ్గా దొరకదు. కరెంటు ఆటోకు పర్మిట్ అక్కర్లేదని, పాత బండిని పర్మిట్‌తో సహా అప్పగిస్తే సాయం అందుతుందని చెప్పారు కాబట్టి బావ అప్పగించాడు. చెప్పినవాళ్లు చొక్కా నలగని మనుషులు.

ఉప్పల్ స్టాండులో స్టేషన్ కట్టారు కూడా. సిమెంటు అరుగు, దాని మీద ఆకుపచ్చ రేకుల కప్పు, ముందు పెద్ద బోర్డు. ప్రారంభోత్సవానికి ఒక పెద్దమనిషి వచ్చారు. కరెంటు ఆటో ఒకటి ముందు నిలబడాలన్నారు, బావ నిలబెట్టాడు. ఆటోకు బంతిపూల దండ వేశారు. యంత్రాలు ఇంకా రాలేదు కనుక బావ ఇంట్లో వాడే చార్జరు తీగనే తెప్పించి, దాని ఒక కొనను పెద్దమనిషి చేతిలో పెట్టి ఫొటో తీశారు. రెండో కొన ఎక్కడుందో ఫొటోలో కనపడదు. బావ నవ్వుతూ ఉంటాడు.

యంత్రాలు రాలేదు. సాయమూ రాలేదు. అడగడానికి బావతో పాటు నేనూ ఆఫీసుకు వెళ్లాను. ఫైలు పైన ఉందన్నారు. తర్వాత వెళ్తే పైనుంచి కిందికి రావాలన్నారు. ఆ తర్వాత వెళ్తే కొత్త విధానం వస్తోంది, పాతదాన్ని మర్చిపొమ్మన్నారు. కొత్త విధానంలో ఇంకా ఎక్కువ ఇస్తారట. పాత హామీ బాకీ పడినప్పుడు దాన్ని తీర్చడం కన్నా పెంచడం సులువని, ఇన్నేళ్లు ఎకనామిక్స్ చెప్పిన నాకు అక్కడే అర్థమైంది.

ఉప్పల్ నుంచి నాచారం పారిశ్రామికవాడ మీదుగా తిరిగే షేర్ ఆటోలకు స్టాండులో ఒక లైను ఉంటుంది. బండి వెనక బండి, వంతు ప్రకారం జనాన్ని ఎక్కించుకుంటారు. లైనులో చోటున్నవాడే స్టాండు మనిషి. మాటిమాటికీ వంతు తప్పిస్తే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. బావకు ఆ చోటు తప్ప వేరే ఆస్తి లేదు. అద్దె, పిల్లల ఫీజులు, ఫైనాన్సు వాళ్ల కిస్తీ అన్నీ దాని మీదే నడిచేవి.

కంపెనీలు వదిలే సాయంత్రానికి సరిగ్గా బావ బ్యాటరీ అయిపోయేది. చార్జింగ్‌కు నాచారంలోని అద్దె ఇంటికి పోవాలి. తిరిగొచ్చేసరికి జనం వెళ్లిపోయేవాళ్లు.

"ఏంది మామా, సెల్ ఫోన్ లెక్క బండిని గూడ ఇంటికి దీస్కపోయి చార్జింగ్ వెడుతవా?" అని లైను చూసే యూనియన్ అన్న అందరి ముందూ అనేవాడు.

"స్టేషన్ వస్తున్నదే అన్నా. నెల రోజులల్ల వస్తదంట."

"వచ్చింది గదా, గదిగో!" అని చూపించేవాడు. ఆకుపచ్చ రేకుల కింద చెరకురసం బండి ఉండేది. నీడ బాగుంటుంది. నేను కూడా తాగాను.

ఇంటి దగ్గర కథ ఇంకోలా నడిచింది. ఆటో ప్లగ్గు పెడితే తన ఏసీ ఆగిపోతోందని పై అంతస్తులోని ఇంటి ఓనరమ్మ తీగ పీకించేసింది. దాంతో అయ్యగారు దయతలచి చర్చి ప్లగ్గు వాడుకోమన్నారు. రెండు వారాలు బాగానే జరిగింది. ఒక శుక్రవారం ఉపవాస ప్రార్థనలో అయ్యగారు దేశాన్ని ఏలేవారికి జ్ఞానం ఇవ్వమని గొంతెత్తి అడుగుతున్నారు. సరిగ్గా అప్పుడు మైకు, కీబోర్డు, ఫ్యాన్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. బయట ఆటో చార్జింగ్‌లో ఉంది. ఆ ప్రార్థన పైకి చేరిందో లేదో నేను చెప్పలేను.

సంఘ పెద్దలు కూర్చుని మాట్లాడారు. "బ్రదర్, తప్పుగా అనుకోకండి. మన వైరింగు బలహీనం," అన్నారు అయ్యగారు. బావ తప్పుగా అనుకోలేదు. అతనికి అలవాటు లేదు.

అమ్మేయమని మా అక్క అప్పటికే చాలాసార్లు చెప్పింది. అన్నం పెడుతూ మళ్లీ చెప్పింది.

"స్టేషన్ రాలేదని చర్చిల నిలవడి చెప్పు. బండి అమ్మి ఏదన్న నౌకరి సూస్కో."

"చెప్పిన సాక్ష్యం వాపస్ దీస్కుంటరానే? విశ్వాసం లేదంటరు."

"పర్మిట్ వాపస్ ఇచ్చినవ్ గదా. ఇదెందుకియ్యవ్?"

బావ నావైపు చూశాడు. "నువ్వన్న చెప్పు బామ్మర్దీ. సదువుకున్నోనివి. వస్తదా, రాదా?"

రాదని నాకు తెలుసు. "చెప్పలేం బావా," అన్నాను. అక్క నా కంచంలో పప్పు కొంచెం గట్టిగానే వేసింది.

బావ ఎదురుచూడటం మానలేదు. ప్రతి ఆదివారం ఎవరో ఒకరు స్టేషన్ ఏమైందని అడిగేవారు. "దగ్గరవడ్డది," అనేవాడు. ఈలోగా ఎవరో ఒకరిని బతిమాలి అరకొరగా చార్జింగ్ పెట్టుకోవడంతో బ్యాటరీ నీరసపడింది. పొద్దున నాలుగు ట్రిప్పులకే అయిపోసాగింది. లైనులో వంతు తప్పడం రోజూ జరిగే పని అయిపోయింది. చివరికి యూనియన్ అన్న ఎగతాళి కూడా మానేసి, కుర్చీలోంచి లేచి వచ్చి, బావ భుజం మీద చెయ్యి వేశాడు.

"మామా, పోరగాళ్లు లొల్లి జేస్తున్నరు. నీ జాగ ఇంకొకనికి ఇచ్చిన. ఏమనుకోకు."

ఆ మధ్యాహ్నం బావ ఇంటికొచ్చి బండి అమ్ముతానన్నాడు. అక్క కంచం పెట్టింది. గెలిచినట్టు కనపడలేదు.

కొనేవాళ్లు దొరకలేదు. కరెంటు ఆటో అనగానే బ్యాటరీ సంగతి అడిగి ఫోన్ పెట్టేసేవారు. చివరికి అన్నోజిగూడలో హైవే పక్కన టిఫిన్లు అమ్మే మనిషి ఒకాయన ముందుకొచ్చాడు. అతనికి నడిచే బండి అక్కర్లేదు. స్టవ్వు, దోసె పెనం పెట్టుకోవడానికి పైకప్పు ఉన్న బండి చాలు. ఫైనాన్సు వాళ్ల నోరు మూయించేంత ఇస్తానన్నాడు.

అన్నోజిగూడ దాకా పోయే చార్జింగు బండికి లేదు. స్టాండులో బావ స్నేహితుడొకడు తన డీజిల్ ఆటో వెనక పెట్టి, ఒక కాలు చాపి, మా ఆటోను తోసుకుంటూ వచ్చాడు. ఈ ఊళ్లో ఆగిపోయిన ఆటోను ఇలాగే తీసుకెళ్తారు. బావ హ్యాండిల్ పట్టుకుని ముందు కూర్చున్నాడు, నేను వెనక సీట్లో. బోడుప్పల్, మేడిపల్లి దాటాం. తోసే ఆటో పొగ నా మెడ మీదికి వెచ్చగా వస్తూనే ఉంది. పర్యావరణానికి మేలు చేసే వాహనంలో నేను చేసిన అతి పొడవైన ప్రయాణం అదే.

టిఫిన్ల ఆయన ముందుగా సీటు ఊడదీయించాడు. తర్వాత బ్యాటరీ తీసి గోడ పక్కన పెట్టించాడు. బావ అవన్నీ పూర్తయ్యేదాకా నిలబడి చూశాడు. అద్దం మీద అంటించిన బైబిల్ వాక్యం స్టిక్కరు తీసుకుంటావా అని ఆయన అడిగితే, ఉండనియ్యి అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు స్నేహితుడు రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండా అన్నాడు, "రేపటి సంది సాయంత్రం పూట నా బండి నువ్వు నడుపు మామా. కిరాయి నీ ఇష్టం."

బావ అడిగాడు, "లైన్ల జాగ?"

"నాదే. నీది ఇచ్చేసిన్రు గదా."

"అవు," అన్నాడు బావ.

నారపల్లి దగ్గర ముగ్గురు ఆడవాళ్లు చెయ్యెత్తి ఆపి ఉప్పల్ అన్నారు. వెనక సీట్లో చోటు చాలలేదు. బావ లేచి వెళ్లి, ముందు డ్రైవరు పక్కన ఒక అంచుమీద కూర్చున్నాడు, కమ్మీ పట్టుకుని, సగం బయటికి.