నైరుతి గొయ్యి

ఈ ఉదయం రావులపాలెం దగ్గర ఒక సైటులో ఎర్త్ గొయ్యి నింపుతున్నారు. బొగ్గు, ఉప్పు వరసలుగా పోసి, పైన బిందెలతో నీళ్ళు గుమ్మరించగానే తడిసిన బొగ్గు వాసన గుప్పుమంది. పక్కనే అరటిగెలల లారీలు డీజిలు పొగ వదులుతున్నా నా ముక్కుకి ఆ వాసన ఒక్కటే తెలిసింది. అది తగిలితే నాకు భాస్కరంగారు గుర్తొస్తారు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆయన్ని తలుచుకుంటే మనసు తేలికపడుతుందని మాత్రం చెప్పను, పడదు. అయినా నాకు పని నేర్పిన మనిషి ఆయనే. ఆ పని వెనక ఉన్న దిగులు కూడా ఆయన దగ్గరే నాకు అంటుకుంది.

రెండువేల ఆరో ఏడో, డిప్లొమా చేతపట్టుకుని అమలాపురంలో ఉద్యోగం కోసం తిరుగుతున్న రోజులు. ఒక మందుల కొట్టు పైన, మేడ మీద ఆయన ఆఫీసు. గల్ఫ్‌లో పెద్ద పెద్ద భవనాలకి కరెంటు డ్రాయింగులు గీసి వచ్చిన మనిషి. అందరూ అక్కణ్ణుంచి బంగారం, టేప్ రికార్డర్లు తెచ్చుకుంటే, ఈయన ఆ విద్య తెచ్చుకున్నారు. భవనాన్ని కంప్యూటర్లో నిలబెట్టి చుట్టూ తిప్పి చూపించే సాఫ్ట్‌వేర్ మా వైపు అప్పటికి వింత. గోడలు, మెట్లు, కప్పు, లోపలి తీగలతో సహా తెర మీద లేచి నిలబడేవి. అక్కడ పనిలో చేరిన మొదటిరోజే నేను హుషారుగా గోడలు లేపేస్తుంటే ఆయన వెనక నిలబడి అన్నీ చెరిపెయ్యమన్నారు.

“ముందు నేల కిందకి వెళ్ళమ్మా. ఎర్త్ గొయ్యి పెట్టు. ఆ తర్వాత నీ ఇష్టం, కోటలు కట్టుకో.”

ఇదేం చాదస్తంరా దేవుడా అనుకున్నాను. ఊళ్ళో అందరూ ఇల్లు పునాది నుంచి కడితే మా సారు పునాది కింద నుంచి కడతారని ఇంటికెళ్ళి అమ్మతో చెప్పి పకపకా నవ్వాను. అమ్మ నవ్వలేదు. పొయ్యి మీద గిన్నె దించి, ఆయన భార్య ఎలా పోయిందో తెలుసా నీకు, అని అడిగింది.

అప్పుడు తెలిసింది. తొంభైలలో ఆయన గల్ఫ్‌లో ఉండగా కొత్తపేట దగ్గర సొంత ఊళ్ళో డాబా ఇల్లు కట్టించారు. కట్టించడమంటే, దగ్గరుండి చూసుకున్నది బావమరిది వీర్రాజుగారు, భార్య అనసూయగారికి తమ్ముడు. ఇంట్లోకి కొత్త ఫ్రిజ్ వచ్చింది. ఒక వానాకాలం మధ్యాహ్నం, తడి గచ్చు మీద వట్టి కాళ్ళతో నిలబడి అనసూయగారు ఆ ఫ్రిజ్ తలుపు పట్టుకున్నారు, అంతే. లోపల తీగ ఎక్కడో చెడి కరెంటు ఫ్రిజ్ ఒంటికి పాకింది. అలా పాకిన కరెంటుని నేలలోకి దింపెయ్యడానికే ఎర్త్ కడతారు. ఆ ఇంట్లో ఎర్త్ తీగ మీటరు బోర్డు దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. దాన్ని కలపాల్సిన గొయ్యి తవ్వనే లేదు. పరాయి దేశంలో మేడలన్నిటికీ ఎర్త్ కట్టించిన మనిషి ఇల్లాలు ఎర్త్ లేని ఇంట్లో పోయింది. కర్మకాండలకి వచ్చిన ఆయన మళ్ళీ విమానం ఎక్కలేదు. వీర్రాజుగారి నిర్లక్ష్యమే చంపిందని ఊరంతా అంది. ఆయనా అదే అనుకున్నారు. అప్పట్నుంచి బావా బావమరుదుల మధ్య మాటల్లేవు.

నేను చేరిన కొన్నాళ్ళకి రాజోలు వైపు ఒక బడికి డ్రాయింగు వచ్చింది. సముద్రం దగ్గర ఊరు, చుట్టూ కొబ్బరిచెట్లకి పిడుగులు కొత్త కాదు. కప్పు మీద రాగి కడ్డీ నిలబెట్టి, అక్కణ్ణుంచి గోడ వెంబడి రాగి పట్టీ దింపి, నేలలో గొయ్యికి కలపాలి. శ్రద్ధగా గీశాను. పైనుంచి చూస్తే అన్నీ కలిసే ఉన్నాయి. ఆయన మౌస్ అందుకుని భవనాన్ని పక్కకి వంచి, కింద నుంచి చూపించారు. పట్టీకీ గొయ్యికీ మధ్య బెత్తెడు ఖాళీ ఉంది. సైటులో వాళ్ళు కలిపేస్తారు లెండి, ఇంత దానికేముంది, అన్నాను.

“కరెంటు ఆ సందు దాటాలంటే మధ్యలో ఏదో ఒకటి కావాలి కదమ్మా,” అన్నారు మెల్లిగా. “ఎవరో ఒక మనిషి దొరుకుతాడు.”

అని కిటికీ దగ్గరికి వెళ్ళి చాలాసేపు అటు తిరిగే నిలబడ్డారు. నేను కూర్చుని ఆ సందు కలిపాను.

ఆ తర్వాతి ఏడు వీర్రాజుగారు మా మెట్లెక్కి వచ్చారు. అప్పటికి ఆయనకి కొబ్బరి వ్యాపారం బాగా కలిసొచ్చింది, కొత్తపేటలో మూడంతస్తుల కల్యాణమండపం తలపెట్టారు. పిడుగు పని చేసేవాళ్ళు ఇంకెవరూ లేరని వచ్చానన్నారు. అబద్ధమని నాకే తెలిసిపోయింది. మా సారు ఒప్పుకోరనుకున్నాను. ఒప్పుకోకూడదనే కోరుకున్నాను కూడా. సొంత అక్క ప్రాణం తీశాడని ఊరంతా అనే మనిషి కప్పుకి ఈయన కాపలా కాయడమేమిటని నాకు ఒళ్ళు మండింది. ఆయన మాత్రం, తీసుకో అమ్మాయ్, రేపు అందులో కూర్చునేది జనం, అన్నారు. కానీ వీర్రాజుగారితో మాట్లాడలేదు. ఒకే బల్లకి అటూ ఇటూ కూర్చుని, ఆయన్ని కప్పు ఎత్తెంతో అడుగమ్మా, అని మా సారు నాతో అనేవారు. వీర్రాజుగారూ నాకే జవాబు చెప్పేవారు. వాళ్ళిద్దరి మధ్యా నేను పోస్టాఫీసునయ్యాను.

పని పూర్తయ్యాక తెర మీద చూపించాను. భవనం నాలుగు మూలలా రాగి పట్టీలు, ఒక్కోదాని కింద ఒక్కో గొయ్యి. వీర్రాజుగారు ఆయ్, ఆయ్ అంటూ వింటున్నవారల్లా ఒక మూల దగ్గర ఆగిపోయారు. నావైపే చూస్తూ అడిగారు.

“నైరుతిలో గొయ్యి ఉండకూడదన్నారమ్మా మా సిద్ధాంతిగారు. కాస్త పక్కకి వీలవుద్దేమో అని...”

వాస్తు మాటెత్తితే మా సారుకి ఎక్కడలేని కోపం వస్తుంది, మనిషిని నిలువునా దులిపేస్తారు. ఆ రోజు దులపలేదు. నా చేతిలోంచి మౌస్ తీసుకుని, ఆ గొయ్యిని పట్టుకుని, దక్షిణం గోడ మధ్యకి లాగారు. రాగి పట్టీ నేల కిందే దాని వెంట సాగి వెళ్ళింది. ఎక్కడా తెగలేదు.

“అంతేనా అండి?” అన్నారు వీర్రాజుగారు.

“అంతే,” అన్నారు మా సారు.

వీర్రాజుగారు తెరకేసి అలా చూస్తూనే ఉండిపోయారు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. అప్పుడు అక్క ఇంటికీ మీటరు నైరుతి వైపే వచ్చిందనీ, అక్కడ గొయ్యి తవ్వితే ఇల్లాలికి గండమని సిద్ధాంతి చెప్పారనీ, అక్కకేమవుద్దోనన్న భయంతోనే తవ్వించకుండా ఆపేననీ చెప్పుకొచ్చారు. ఆ సంగతి అన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదట.

“ఒక్కమాట ఫోన్లో అడగలేకపోయావా, వీర్రాజూ? ఇలాగే జరిపించి ఉండేవాణ్ణి కదా.”

“మీరు తిడతారని, బావగారూ. అంతకుముందు గుమ్మం వాస్తు సంగతి అడిగితే ఎంతెంత మాటలన్నారు. ఎస్టీడీ బూత్‌లో అందరూ విన్నారు. మళ్ళీ అడిగే ధైర్యం లేకపోయింది.”

మా సారు మొహం పాలిపోయింది. ఆ ఫోను ఆయనకి గుర్తుందని చూస్తేనే తెలుస్తోంది. డ్రాయింగు అలాగే దాచమ్మా, అన్నారు నాతో.

మండపం లేచింది. ఇద్దరూ మాట్లాడుకోవడం మొదలైంది, పండక్కీ పబ్బానికీ వీర్రాజుగారు ఆఫీసుకి వచ్చి కూర్చునేవారు. అందరూ సంతోషించారు, పోనీలే కలిశారని. నాకు మాత్రం మా సారుని చూస్తే భయం వేసేది. అన్నేళ్ళూ కోపం తెచ్చుకోవడానికి ఆయనకి ఒక మనిషి ఉండేవాడు. ఆ రోజుతో ఆ ఆసరా పోయింది. ఎవరినీ ఏమీ అనేవారు కాదు, నేను తప్పు గీసినా అనేవారు కాదు. తిట్టండి సార్ అని ఒకసారి ఏడ్చినంత పని చేశాను. తల అడ్డంగా ఊపి ఊరుకున్నారు. రెండేళ్ళు తిరక్కుండానే గుండెపోటుతో పోయారు.

ఇప్పుడు అమలాపురంలో నాకు సొంత ఆఫీసు ఉంది. వచ్చేవాళ్ళు ఇంటి కొలతలతో పాటు సిద్ధాంతిగారి మాట, అత్తగారికొచ్చిన కల, పక్కింటివాళ్ళ శకునం అన్నీ మోసుకొస్తారు. మా ఆఫీసు పిల్లలు మూతి బిగపట్టి నవ్వుకుంటే కళ్ళెర్రజేస్తాను. తెర ముందు కూర్చోగానే నేను అడిగే మొదటి మాట, మీ పెద్దవాళ్ళు ఎక్కడ తవ్వొద్దన్నారండీ, అని. వాళ్ళు వెంటనే చెప్పరు. ముందు నా మొహంలోకి చూస్తారు, ఎక్కడ నవ్వుతానో, ఎక్కడ కసురుతానో అని. ఎన్ని పనులున్నా, ఎంత ఆలస్యమైనా, వాళ్ళు నోరు విప్పేదాకా అలాగే కూర్చుంటాను.