డిక్కీ మీద కొంగ

మా వీధిలో ఆయన్ని అందరూ జిగురు బాబాయ్ అంటారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఇంకొకటి ఉంది కాని, దాంతో పిలిస్తే ఆయనే వెనక్కి తిరిగి చూడడు. కార్ల మీద పాతబడిన స్టిక్కర్లు ఊడదీసి, అవి వదిలిన జిగురును రంగు చెడకుండా తుడవడం ఆయన పని. ఇదీ ఒక పనేనా అనిపిస్తుంది వినడానికి. నాకూ మొదట్లో అలాగే అనిపించింది. ఆయన షెడ్డును ఆనుకునే నా దుకాణం. కారు సీట్లకు కవర్లు కుడతాను. పద్నాలుగేళ్ళుగా ఒకే రేకుగోడకు అటు ఆయన, ఇటు నేను. మాటలన్నీ నావి, పనితనమంతా ఆయనది.

వయసులో ఉన్నప్పుడు గోడలకు సినిమా పోస్టర్లు అంటించేవాడట. "సగం జన్మ అంటించాను, మిగతా సగం ఊడబెరుకుతున్నాను. చేసిన పాపం ఈ చేతులతోనే కడుక్కోవాలి కదమ్మాయ్" అని నవ్వేవాడు. నలభై దాటిన నన్ను అమ్మాయ్ అనే మనిషి ఆయనొక్కడే. అందుకే ఆయన మీద నాకు కొంచెం అభిమానం ఎక్కువ. ఇప్పుడు చెప్పబోయేదంతా తెలిశాక కూడా అది పూర్తిగా పోలేదు. దానికి నా మీద నాకే కోపం వస్తుంటుంది.

జిగురు కనబడగానే జనం బ్లేడు తీస్తారు, లేదా థిన్నరు పోస్తారు. బ్లేడు గీత పెడుతుంది. థిన్నరు జిగురుతోపాటు రంగునూ తినేస్తుంది. బాబాయ్ ఈ రెండిటినీ షెడ్డు గడప తొక్కనివ్వడు. జుట్టు ఆరబెట్టుకునే డ్రైయరుతో ముందు స్టిక్కరును వెచ్చబరుస్తాడు. ఒక మూల గోటితో లేపి, నిదానంగా, చిరగకుండా వెనక్కి లాగుతాడు. మిగిలిన జిగురు మీద కిరసనాయిల్లో తడిపిన గుడ్డ పరిచి టీ తాగడానికి వెళ్ళిపోతాడు. ఆ గుడ్డపీలికలు నా దుకాణంలోవే. "జిగురుకి తొందర లేదమ్మాయ్. మనం తొందరపడితే రంగు పోతుంది" అంటాడు. తిరిగొచ్చి బొటనవేలితో రుద్దితే జిగురు చిన్న చిన్న ఉండలుగా లేచి వచ్చేస్తుంది. తర్వాత సబ్బునీళ్ళు, ఆ తర్వాత పొడిగుడ్డ.

అన్నీ అయ్యాక ఇంకో పని ఉంది. వంగి, నోరు పెద్దగా తెరిచి, ఆ చోట ఊదుతాడు. అద్దం తుడిచే ముందు మనం ఊదుతామే, అలా. రేకు శుభ్రంగా ఉంటే ఆవిరి అంతటా ఒకేలా పరుచుకుంటుంది. పిసరంత మిగిలినా, ఊడిపోయిన స్టిక్కరు ఆకారం ఆ ఆవిరిలో లేచి కనబడుతుంది. అప్పుడు పని మళ్ళీ మొదటికి. "కళ్ళు మొహమాటపడతాయి, ఊపిరి పడదు" అనేవాడు. ఊదకుండా ఒక్క బండినీ గుమ్మం దాటనిచ్చింది లేదు, ఒక్కదాన్ని తప్ప.

అది రెండేళ్ళ కిందటి చలికాలం. పొద్దున తొమ్మిదింటికి, నేను ఇంకా మెషీనుకు నూనె వేసుకుంటూండగా, వీధి చివరి మందుల షాపాయన కారు తెచ్చి బాబాయ్ షెడ్డులో పెట్టాడు. ముదురు నీలం రంగు కారు. వేరే ఊళ్ళో ఎవరి దగ్గరో కొని వారం కూడా కాలేదు, మేమెవ్వరమూ దాన్ని సరిగ్గా చూసింది లేదు. ముందు లైటు ఒకటి పగిలి ఉంది. ఇంటి గేటుకు తగిలిందన్నాడు.

"వెనక ఆ బొమ్మ తీసెయ్యవయ్యా. పాతాయన ఎవరో అంటించాడు, చూడలేక చస్తున్నాను."

బాబాయ్ మొదలుపెట్టాడు. ఆయన నెత్తిమీదే నిలబడి మందుల షాపాయన వాచీ చూసుకుంటున్నాడు. గుడ్డ నానకముందే తీయించాడు. బాబాయ్ ఊదడానికి వంగేసరికి, "చాల్లేవయ్యా, దీన్నేమన్నా పెళ్ళిచూపుల్లో కూర్చోబెడతామా" అని తాళాలు తీసుకున్నాడు. రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి వచ్చాడు.

"ఆ ఊడదీసిన బొమ్మ ఇలా ఇవ్వు."

దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. నేను మెషీను ముందు కూర్చుని ఇదంతా చూస్తూనే ఉన్నాను. ఆ బొమ్మ ఏమిటో నాకు కనబడలేదు, చూడాలనీ అనిపించలేదు. చెత్త కూడా వదలని పిసినారి అని లోపల్లోపల నవ్వుకున్నాను. ఆ నవ్వు ఇప్పటికీ గొంతులో ముల్లులా ఉంది.

ఆ తెల్లవారుజామునే ఇస్త్రీ అక్క భర్తను ఒక కారు గుద్ది ఆగకుండా పోయింది. ఇస్త్రీ అక్క మా దుకాణాల ఎదురుగా, మేడమెట్ల కింద బల్ల వేసుకుని బట్టలు ఇస్త్రీ చేస్తుంది. ఆయన సైకిలు మీద ఆ మూటలు ఇళ్ళకు చేర్చేవాడు. ఆసుపత్రిలో రెండో రోజు స్పృహ వచ్చింది. "నీలం కారు. వెనక కొంగ. ఒంటికాలి కొంగ" అన్నాడట. అదే మాట అని అని మూడో రోజు పోయాడు.

ఎస్సై వెతికించాడు. కొంగ బొమ్మ ఉన్న నీలం కారు ఎక్కడా లేదు. తలకు దెబ్బ తగిలింది కదా, కలవరించి ఉంటాడు అని కాగితాలు కట్టేశారు. నీలం కార్లు ఊరినిండా ఉన్నాయి, మా వీధి కారు నా బుర్రకు తట్టనే లేదు.

ఈ కబురు బాబాయ్‌కి చెప్పింది నేనే. టీ గ్లాసుతో నా గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "కొంగట బాబాయ్, పాపం! పోయేముందు మనిషికి ఏమేమి కనబడతాయో" అన్నాను. ఆయన తన బొటనవేలు చూసుకున్నాడు. టీ తాగకుండానే గ్లాసు నా బల్ల మీద పెట్టి షెడ్డులోకి వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచి ఆయన వరస మారింది. ఇస్త్రీ అక్కకు బట్టలు ఇవ్వడం మానేశాడు. ఇంటికి ఆమె బల్ల ముందునుంచి కాకుండా వెనక సందులోంచి చుట్టు తిరిగి పోయేవాడు. "ఏం బాబాయ్, చొక్కా ఆవు నమిలిందా?" అని నేను ఏడిపిస్తే, వెనకటిలా మాటకు మాట అనేవాడు కాదు. ఊదడం మాత్రం ఎక్కువైంది. నా దుకాణం అద్దం మీద, టీ గ్లాసుల మీద, ఇంట్లో కంచాల మీద కూడా ఊది చూసేవాడు. బాబాయ్ భార్యను నేను పిన్ని అంటాను. ఒకరోజు వచ్చి నా దగ్గర కూలబడింది.

"నిద్రలో దుప్పటిని బొటనవేలితో రుద్దుతున్నారే. పొద్దునకి వేలు కమిలిపోతోంది. వేణ్ణీళ్ళు కాగుతుంటే చాలు, అద్దానికి ఆవిరి పడుతుందని పరిగెత్తుకెళ్ళి కిటికీ తెరుస్తారు. నాకు భయంగా ఉందే."

"కిరసనాయిలు వాసన తలకెక్కి ఉంటుంది పిన్నీ, నాలుగు రోజులు పని మానమను" అని సలహా ఇచ్చాను. అన్నీ తెలిసినదాన్ని కదా!

అటు ఇస్త్రీ అక్కకు మోకాళ్ళ నొప్పులు. మందుల షాపాయన పిలిచి మరీ మాత్రలు ఇచ్చేవాడు, డబ్బు పుచ్చుకునేవాడు కాదు. "దేవుడిలాంటి మనిషి" అని ఆమె వీధంతా చెప్పుకునేది. ఆ మాట వినబడినప్పుడల్లా షెడ్డులో డ్రైయరు మోత మొదలయ్యేది. మొన్న చలి మొదలైనప్పుడు ఆమె నాతో ఇంకో మాట అంది. "అందరూ కలవరింతే అంటున్నారు. నేనొక్కదాన్నే కొంగ కొంగ అని పట్టుకు వేలాడుతున్నాను. నిజంగా ఆయన అన్నాడో, నేనే తప్పుగా విన్నానో కూడా తెలియట్లేదు. ఇక వదిలేస్తానమ్మా." బాబాయ్ అప్పుడు రేకుగోడ అవతలే ఉన్నాడు.

ఆమె ఆ మాట అన్న వారానికి మందుల షాపాయన మళ్ళీ కారు తెచ్చాడు. కళ్ళ కింద నల్లగా, మనిషి సగమయ్యాడు. రోజూ పొద్దున్నే షాపు తెరవకముందు ఆయన కారు వెనక భాగం ఒక్కటే తుడవడం మేమంతా చూసేవాళ్ళం. కారంటే మోజు అనుకున్నాం.

"డిక్కీ మీద ఏదో మచ్చ. మంచు పడితే చాలు, కనబడుతోంది. ఎంత తుడిచినా మర్నాటికి మళ్ళీ వస్తోంది. గట్టిగా పాలిష్ కొట్టెయ్. మొదలుపెట్టింది నువ్వే కదా, నువ్వే పూర్తి చెయ్."

బాబాయ్ ఆయన ముఖంలోకి చూడలేదు. "ఇక్కడే వదిలెళ్ళండి. పొద్దున మొదలుపెడతాను" అన్నాడు.

ఆయన వెళ్ళాక బాబాయ్ నా దుకాణంలోకి వచ్చి, కోసి పెట్టిన స్పాంజి ముక్కల మీద కూర్చున్నాడు. అంతా చెప్పాడు. చెబుతున్నంతసేపూ బొటనవేలు మోకాలి మీద రుద్దుకుంటూనే ఉన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"రెండేళ్ళు! ఎదురుగా ఆమెను చూస్తూ! నీకు మనసెలా ఒప్పింది బాబాయ్?"

"మొదటి రోజు భయమేసింది. రెండో రోజు, నిన్ననే ఎందుకు చెప్పలేదంటారని భయమేసింది. ఆ తర్వాత నాకు రోజూ రెండో రోజే అమ్మాయ్."

నేను చేతిలోని కత్తెర బల్ల మీద పడేశాను. ఆయనే అన్నాడు, "ఆ రోజు నన్ను సరిగ్గా పని చెయ్యనివ్వలేదు. జిగురులో నూనె రంగులోకి దిగిపోయింది. కొంగ ఇంకా అక్కడే ఉంది. పాలిష్ కొడితే అరగంట పని, జన్మలో మళ్ళీ కనబడదు."

"మరి ఏం చేస్తావు?"

"కారు బయటే పెట్టాను. మంచు పడనీ." లేచి గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "ఆమెను నువ్వే పిలుచుకురా. నాకు ముఖం చెల్లదు."

మర్నాడు తెల్లవారుతూండగా ఇస్త్రీ అక్కను తీసుకువెళ్ళాను. దారిలో ఏమీ చెప్పలేదు, చెప్పే ధైర్యం లేదు. కారంతా మంచు పట్టి బూడిదరంగులో ఉంది. డిక్కీ మధ్యలో మాత్రం మంచు వేరుగా పట్టింది. సన్నని మెడ, పొడుగాటి ముక్కు, కింద ఒక్కటే కాలు. పోయిన మనిషి ఆసుపత్రి మంచం మీద చెప్పిన మాట నా ఎదుట నిలబడి ఉంది.

ఆమె దగ్గరగా వెళ్ళింది. ముట్టుకోకుండా, గాలిలోనే వేలితో ఆ కాలి వెంట పైనుంచి కిందకు గీసింది.

"ఒంటికాలే" అంది. "ఆయన కలవరించలేదు."

ఆ కారు ఎవరిదో ఆమె అడగలేదు. రోజూ మాత్రలకు వెళ్ళినప్పుడు చూసేదే కదా. నడుముకున్న సంచిలోంచి మాత్రల అట్ట తీసి నేలమీద పారేసింది.

"ఈ బొమ్మ తీసిందెవరు?"

"నేనే తల్లీ" అన్నాడు బాబాయ్.

నేను ఎస్సైకి ఫోన్ చేశాను. అరగంటలో వస్తానన్నాడు. ఫోన్లో ఫోటో తీశాను. మసక వెలుతురులో బూడిదరంగు మంచు తప్ప ఏమీ పడలేదు. ఇంతలో ఎదుటి గోడ మీదుగా ఎండ వచ్చింది. మంచు చుక్కలు కట్టి జారడం మొదలుపెట్టింది. ముందు ముక్కు పోయింది. తర్వాత మెడ సగం పోయింది. ఎండను ఆపడానికి నేను చెంగు అడ్డం పట్టుకున్నాను, పిచ్చిదానిలా.

బాబాయ్ వంగి నోరు తెరిచి ఊదాడు. ముక్కు మళ్ళీ వచ్చింది. ఊదాడు, మెడ వచ్చింది. ఇటు వస్తే అటు పోతోంది. కిరసనాయిలు పీల్చి పీల్చి పాడైన రొమ్ము ఆయనది. పది ఊపిర్లకే దగ్గు ముంచుకొచ్చింది. బంపరు పట్టుకుని నిలబడ్డాడు.

ఇస్త్రీ అక్క అంతదాకా ఆయన్నే చూస్తోంది. ఏడవలేదు, కేకలు వెయ్యలేదు.

"ఈ ఊపిరి రెండేళ్ళూ ఎక్కడ దాచుకున్నావన్నా?" అంది.

ఆయన బంపరు వదిలి మళ్ళీ వంగాడు.

"ఊదు. వాళ్ళొచ్చేదాకా ఆపకు" అని, తనూ రెండో వైపు నుంచి వంగి ఊదడం మొదలుపెట్టింది. నేనూ వంగాను. ముగ్గురం ఆ కొంగ చెరిగిపోకుండా వంతులవారీగా ఊదుతూనే ఉన్నాం. జీపు వచ్చి ఆగినప్పుడు బాబాయ్‌కి ఊపిరి అందడం లేదు, నాకు కళ్ళు తిరుగుతున్నాయి. ఎస్సై వంగి చూసి, "ఇంకొక్కసారి" అన్నాడు. ఆమే ఊదింది. ఎస్సై టోపీ తీసి పక్కన పెట్టి చాలాసేపు చూశాడు.

మందుల షాపాయన షట్టరు సగం ఎత్తి ఉన్నాడట. పోలీసులు నోరు తెరవకముందే మెట్టు మీద కూలబడి, "రోజూ వస్తుంది సార్. తుడిచినా వస్తుంది" అన్నాడట.

కోర్టులో సాక్ష్యం చెప్పాల్సిన ముందురోజు సాయంత్రం, బాబాయ్ నా గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎప్పటిలాగే నలిగిన చొక్కా. ఇస్త్రీ అక్క వీధి దాటి వచ్చింది. అన్నాళ్ళుగా ఆయనతో ఆమె ఒక్క మాటా మాట్లాడలేదు.

"రేపు వేసుకునే చొక్కా ఇవ్వు" అంది.

ఆయన కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. "తల్లీ..." అన్నాడు.

"నీకోసం కాదు" అంది ఆమె. "రేపు మా ఆయన మాట నీ నోటితో చెప్పాలి. అది నలిగి ఉండకూడదు."

చొక్కా తీసుకుని వెళ్ళి, బల్ల మీద పరిచి, నీళ్ళు చల్లింది.