నాన్నను ఎప్పుడు లేపాలి

ఉక్కునగరంలో మా స్కూలుకి జీవన నైపుణ్యాల పీరియడ్ వచ్చింది రెండువేల సంవత్సరం దాటాక. అంతకుముందు దాన్నే నీతిబోధ అనేవాళ్ళం, లెక్కల మాస్టారు హాయిగా లాగేసుకునేవారు. ఈసారి ఎవరూ లాక్కోకుండా తెచ్చి నా నెత్తిన పెట్టారు. కోపం వస్తే ఏం చేయాలి, భయం వేస్తే ఎవరికి చెప్పాలి, సాయం ఎలా అడగాలి, ఇవన్నీ పిల్లలకు నేర్పాలట. నాకే కోపం ఆపుకోవడం చేతకాదని స్టాఫ్‌రూములో అందరికీ తెలుసు. నవ్వుకున్నారు. నవ్వుకోనీ అనుకున్నాను.

ఆ నవ్వు ఎక్కువ రోజులు లేదు. ఏడో తరగతిలో నోట్లో నాలుక లేని ఒక పిల్ల ఉండేది. ఒక సోమవారం బడికి రాలేదు. ఇరవైనాలుగు గంటల కడుపునొప్పి అంటారే, ఆ అపెండిసైటిస్ ముదిరి, ఆపరేషన్ అయి ఆసుపత్రిలో ఉందని, ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదని మధ్యాహ్నానికి తెలిసింది. ఎందుకు ముదిరిందో తర్వాత విన్నాను. ఆదివారం వాళ్ళమ్మ ఊరెళ్ళింది. నాన్న సి షిఫ్టు, అంటే రాత్రంతా ఫర్నేసు దగ్గర పనిచేసి పొద్దున వచ్చి పడుకున్నాడు. పిల్లకు నొప్పి మొదలైంది. నాన్నను లేపలేదు. వంటింట్లో ముడుచుకుని, మూలుగు బయటికి రాకుండా దుప్పటి నోట్లో కుక్కుకుని, సాయంత్రం ఆయన తనంతట తాను లేచేదాకా అలాగే పడుంది. ఆయన ఉన్నది పక్కగదిలో. పక్కగదిలోనండీ!

ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద మండాలో మాత్రం తెలియలేదు, ఎందుకంటే మా ఇల్లూ అంతే. మావారిదీ ప్లాంటే. ఆయనకు సి షిఫ్టు పడిన వారం కాలింగ్‌బెల్ తీగ పీకేస్తాను, కుక్కర్ పెట్టను, పాలవాడితో సైగలతోనే మాట్లాడతాను. గోదావరి జిల్లా నుంచి కాపురానికొచ్చిన కొత్తలో ఇవేవీ నాకెవరూ నేర్పలేదు. కరిగిన ఉక్కు పక్కన నిలబడ్డ మనిషికి కునుకు పడితే ఏమవుతుందో ఊహించుకుంటే చాలు. ఆ భయం ప్రతి క్వార్టర్‌లోనూ ఉంది. తల్లులు దాన్ని పిల్లలకు ఉగ్గుపాలతోనే పట్టారు.

మర్నాడు క్లాసులో అడిగాను. "నాన్న పడుకుని ఉంటే ఎప్పుడు లేపుతారు?"

"దొంగొస్తే." "గ్యాస్ లీకైతే." "ప్లాంటు నుంచి ఫోనొస్తే."

"మరి కడుపు నొప్పొస్తే?"

ముందు బెంచీ పిల్ల అంది, "అమ్మో, తిడతారు మేడమ్. నిద్ర సాలకపోతే డ్యూటీలో పడిపోతారు కదా."

ఇద్దరిద్దర్ని పిలిచి ఆడించాను. ఒకరు నాన్న, ఒకరు పిల్ల. నాన్న బల్ల మీద గురక పెట్టాలి, పిల్ల లేపాలి. ఒక్కరికీ లేపడం రాలేదు, ఒక్క గొంతూ గుసగుస దాటలేదు. నాన్న వేషం కట్టినవాళ్ళు మాత్రం కళ్ళు తెరవకుండానే అచ్చం ఒకేలా తిట్టారు. "ఏటే నీ గోల! సంపేత్తాను!" క్లాసంతా విరగబడి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మా పాప అదే స్కూల్లో నాలుగో తరగతి. ఇంటికెళ్ళి దాన్నీ అడగాలనుకున్నాను, ఏం చెబుతుందోనని భయమేసి అడగలేదు.

కుట్లు మానాక ఆ పిల్ల బడికి వచ్చింది. కొన్నాళ్ళకు వాళ్ళ నాన్న వచ్చాడు. డ్యూటీ దిగి తిన్నగా వచ్చినట్టున్నాడు, చేతిలో హెల్మెట్, కళ్ళు ఎర్రగా. పడుకున్న నాన్నల మీద అరవడం పిల్లలకు నేర్పుతున్నానంటూ అప్పటికే ఒకరిద్దరు తండ్రులు గొణిగారు. ఈయనా తిట్టడానికే వచ్చాడనుకున్నాను.

"మేడమ్‌గారూ, మా అమ్మాయికి మీరైనా సెప్పండి. నాను సెప్తే నమ్మడం నేదు. నొప్పెడితే లేపమ్మా, నానేటీ అననంటే తలూపుతాది. నిన్న కాలికి సీసాపెంకు దిగితే మళ్ళీ లేపనేదు. నాకు నిద్దరట్టడం నేదండి. కళ్ళు మూసుకుంటే పక్కగదిలో ఏటవతందో అని భయం."

ఫర్నేసు మనిషి నిద్రపట్టడం లేదనేసరికి ఇంక ఆగలేకపోయాను. "రండి, ఇప్పుడే లేపుతుంది" అన్నాను. ముందూ వెనకా చూసుకునే అలవాటు నాకెప్పుడూ లేదు. క్లాసులోకి తీసుకెళ్ళి నా కుర్చీలో కూర్చోబెట్టి, తిట్టకుండా లేవాలని చెప్పాను. ఆయన సిగ్గుపడుతూ కళ్ళు మూసుకున్నాడు. పిల్ల పక్కన నిలబడి "నాన్నా" అంది. పెదవులు కదలడమే కనిపించింది. గట్టిగా అనమన్నాను. మళ్ళీ పెదవులే.

ఈలోగా ఆయన తల పక్కకు వాలిపోయింది. హెల్మెట్ జారుతుంటే ముందు బెంచీ పిల్ల చప్పుడు కాకుండా అందుకుంది.

"నిజంగానే నిద్రపోయారు మేడమ్" అంది కూతురు.

నేను చెప్పకుండానే ఒకడు లేచి గడగడమంటున్న ఫ్యాను కట్టేసి వచ్చాడు. లేపమనడానికి నాకూ నోరు రాలేదు. ఎన్నాళ్ళ నిద్రో అది. పైగా భయం. సి షిఫ్టు నిద్రలోంచి లేపితే మగవాళ్ళు ఎలా లేస్తారో నాకు తెలుసు. మావారు దేవుడిలాంటి మనిషి, ఆయన కూడా ముందు తిట్టాకే కళ్ళు తెరుస్తారు. మెలకువలో ఇచ్చిన మాట నిద్రలో ఏం గుర్తుంటుంది? ఇంతమంది ముందు ఈయన ఒక్కసారి కసిరాడంటే ఆ పిల్ల చచ్చినా ఇంకెప్పుడూ లేపదు. చూస్తున్న పిల్లలూ లేపరు. నా తెలివి తెల్లారినట్టే ఉంది! వద్దు, వెళ్ళి కూర్చో అని సైగ చేశాను.

పిల్ల నా సైగ చూసింది. చూసి కూడా కదల్లేదు. కుట్ల మీద చెయ్యి వేసుకుని "నాన్నా!" అని ఒక్క కేక పెట్టింది. పక్క సెక్షన్‌లో పాఠం ఆగిపోయింది.

ఆయన ఉలిక్కిపడి లేచాడు. కుర్చీ వెనక్కి పడిపోయింది. మొహంలోకి చిరాకు వచ్చేసింది, నాకు బాగా తెలిసిన చిరాకే. నోరు తెరిచాడు. నేను తల దించుకున్నాను.

"నొప్పా అమ్మా? ఎక్కడ?"

చూసేసరికి మోకాళ్ళ మీద కూర్చుని పిల్ల పొట్ట తడుముతున్నాడు. తానెక్కడున్నాడో ఆయనకింకా తెలిసినట్టు లేదు.

"నొప్పేటీ నేదు నాన్నా. ఊరికే లేపినాను."

"ఊరికేనా?" అన్నాడు. "ఊరికేనా తల్లీ?" అంటూ, అంత మనిషీ నేల మీద కూలబడి, పిల్లలందరి ముందూ భోరుమన్నాడు.