ఉంటా మరి

నేను రిటైరవడానికి ముందటి ఏడాది మార్చి నెలలో, అరిజోనాలోని ఒక ఇమిగ్రేషన్ కోర్టులో కస్టడీ విచారణకు తెలుగు ఇంటర్‌ప్రెటర్‌గా వెళ్లాను. కేసు తేలేదాకా మనిషిని డిటెన్షన్‌లోనే ఉంచాలా, బయటికి వదలాలా అని జడ్జి నిర్ణయించేదే కస్టడీ విచారణ. తప్పు చేశాడా లేదా అన్నది అక్కడ తేలదు. వదిలితే పిలిచినప్పుడు వస్తాడా, లేక ఎక్కడో దాక్కుని ఈ దేశంలోనే ఉండిపోతాడా అన్నదే ప్రశ్న.

మా పనికి నియమాలు కొద్ది, కానీ గట్టివి. విన్నది విన్నట్టు చెప్పాలి, ఏమీ కలపకూడదు, ఏమీ వదిలేయకూడదు. ఎవరి మాట చెబుతున్నామో వాళ్లలాగే ‘నేను’ అనాలి. సొంతంగా ఒక్క ముక్క చెప్పాలన్నా “ఇంటర్‌ప్రెటర్ అనుమతి కోరుతోంది” అని, మూడో మనిషి గురించి చెబుతున్నట్టు అడగాలి. తెలుగువాడు కదా అని పలకరించడానికి వీల్లేదు. నాకది ఎప్పుడూ కష్టం కాలేదు. నాకు పుట్టుకతోనే అనుమానం పాలు ఎక్కువ. “నీ ముందు ఆవలించాలన్నా సాక్షి కావాలి” అనేవారు మా ఆయన.

అది ఎన్నికల కాలం. కోర్టుకు వెళ్లే దారి పొడవునా బోర్డర్ గురించే బోర్డులు, కారులో రేడియో పెడితే బోర్డర్ గురించే అరుపులు. కోర్టు హాల్లో క్లర్కులు కూడా మాట ఆచితూచి మాట్లాడేవారు.

ఆ కుర్రాడి పేరు సాయికిరణ్. ఖమ్మం నుంచి వచ్చి మాస్టర్స్ చేస్తున్నాడు, ఆఖరి సెమిస్టర్. ఇద్దరు స్నేహితులతో సరిహద్దు గోడ చూద్దామని కారులో వెళ్లాడు. తిరిగొస్తుంటే హైవే మీద చెక్‌పోస్టులో ఆపారు. సరిహద్దు దాటకపోయినా ఆ దారిలో ఈ చెక్‌పోస్టులు తప్పవు. మిగతా ఇద్దరి దగ్గర పాస్‌పోర్టులు ఉన్నాయి, ఇతను గదిలో పెట్టి వచ్చాడు. కంప్యూటర్‌లో చూస్తే కాలేజీ రికార్డులోనూ ఏదో తేడా కనబడింది. కాగితాల ఫొటోలు చూపిస్తానంటూ ఫోన్ తానే తీసి ఇచ్చాడట. అందులో, గోడ దగ్గర నిలబడి వాళ్లమ్మకు పంపిన వాయిస్ మెసేజ్ ఉంది. ఆ మెసేజే కేసుకు ఆయువుపట్టు అయింది. ఇవాళ వదలకపోతే సెమిస్టర్ పోతుంది, దానితోపాటే డిగ్రీ, వీసా.

అతను డిటెన్షన్ సెంటర్ నుంచి వీడియోలో హాజరయ్యాడు. మాస్టర్స్ చదివేవాడికి ఇంటర్‌ప్రెటర్ ఎందుకని నాకు మొదటే అనుమానం. ప్రశ్న ఇంగ్లీషులో వినగానే అర్థమైనట్టు కళ్లు చెబుతున్నాయి, అయినా నా తెలుగు కోసం ఆగుతున్నాడు. ఆలోచించుకోవడానికి టైమ్ దొరుకుతుందని అతని తరఫు లాయరమ్మ నేర్పి ఉంటుంది అనుకున్నాను. ప్రభుత్వ లాయర్ కూడా అదే పసిగట్టినట్టు నా వైపు, తెర వైపు మార్చి మార్చి చూస్తున్నాడు.

ఆ మెసేజ్‌కి ఎవరో చేసిన ఇంగ్లీషు అనువాదాన్ని ఆయన చదివాడు. చదివింది చదివినట్టు నేను తెలుగులో చెప్పాను. “బోర్డర్ గోడ దగ్గర ఉన్నాను. పాస్‌పోర్టు గదిలో వదిలేశాను. చదువుతోపాటే వీసా అయిపోతుంది. సరే, అలాగైతే నేను ఉండిపోతాను.”

సాయికిరణ్ ఉలిక్కిపడి జడ్జమ్మ గారితో అన్నాడు: “ఉండిపోతానని నేను అనలేదు మేడమ్! అట్లెందుకంటాను?”

ప్రభుత్వ లాయర్‌కు అదే చాలింది. సొంత గొంతునే కాదనేవాడు రేపు కోర్టుకు వస్తాడని ఎలా నమ్మడం అన్నాడు. నిజం చెప్పొద్దూ, నేనూ నమ్మలేదు. దొరికిపోయావురా అబ్బాయ్, అనుకున్నాను.

డిటెన్షన్‌లోనే కొనసాగించబోతున్నానని జడ్జి గారు చెప్పి, ఇంకేమైనా చెప్పేదుందా అని అడిగారు. లాయరమ్మ తల అడ్డంగా ఊపింది. క్లర్కు వీడియో కట్ చేయబోతుండగా సాయికిరణ్ తల వంచుకుని అన్నాడు: “సరే మేడమ్. ఉంటాను.”

చేతికి అలవాటైన పనిలా మాటకు మాట ఇంగ్లీషులోకి దించేశాను: సరే మేడమ్, నేను ఉంటాను.

జడ్జి గారు తలెత్తారు. “ఎక్కడ ఉంటాడు? జైల్లోనా?”

ఓరి దేవుడా! అప్పుడు తట్టింది నాకు. ఇప్పటిదాకా వదిలిపెట్టమని బతిమాలినవాడు ఉంటానని ఎందుకంటాడు? ఎదురుగా ఉన్న మనిషి దగ్గర సెలవు తీసుకుంటే వెళ్లొస్తానంటాం. ఫోన్ పెట్టేసేటప్పుడు ఉంటానంటాం. పొద్దున లేస్తే మా అక్కతో నేను అనే మాటే అది.

అనుమతి అడిగి ఆ సంగతి చెప్పాను. జడ్జి గారు అసలు మెసేజ్ వినిపించమన్నారు. ఆ మెసేజ్‌ని అతని గొంతులో నేను వినడం అదే మొదలు: “అమ్మా, బోర్డర్ గోడ దగ్గరున్నం. పాస్‌పోర్టు రూమ్‌లనే పెట్టొచ్చిన, కంగారుపడకు. వీసానా? అది చదువుతోపాటే అయిపోతది. సరే, ఉంటా మరి.” పాస్‌పోర్టు భద్రమేనా, వీసా ఎప్పటిదాకా అని అడిగిన తల్లికి జవాబు చెప్పి, సెలవు తీసుకున్నాడు. అంతే.

ప్రభుత్వ లాయర్ వదల్లేదు. ఆ మాటకు నిజంగా ఉండటం అనే అర్థం కూడా ఉందా అని నన్ను అడిగాడు. ఉందనక తప్పలేదు. తెర మీద సాయికిరణ్ ముఖం పాలిపోయింది. ఇందాక ఆ మాట కావాలనే అని ఉండొచ్చా అని ఆయన మళ్లీ అడిగాడు. అది ఇంటర్‌ప్రెటర్‌ను అడిగే ప్రశ్న కాదని జడ్జి గారు ఆపేశారు. కానీ లాయరమ్మ పెదవి మీద చిన్న నవ్వు మెరిసి మాయమవడం నేను చూశాను. అది గెలిచిన సంతోషమో, వేసిన ఎత్తు పారిన సంతోషమో ఇప్పటికీ చెప్పలేను.

అతన్ని వదిలేయమని ఆర్డరు వచ్చింది. తర్వాతి విచారణకు మనిషే స్వయంగా కోర్టుకు వచ్చాడు. నేను కారిడార్‌లో నడుస్తుంటే కిటికీ దగ్గర ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. “సరే అమ్మా, బై. లేదు, బై అను చాలు. ఉంటా అనకు. నువ్వు కూడా ఎన్నడూ అనకు ఫోన్‌ల.” నన్ను చూడగానే ఠక్కున ఫోన్ కట్ చేసి జేబులో పెట్టుకున్నాడు. పలకరించకూడదన్న నియమం ఉంది కనుక నేను ముందుకు నడిచాను.

అసలు గొంతు వినకుండా దాని అనువాదాన్ని నమ్మకూడదని ఆ కేసు నాకు నేర్పింది. ఆ తర్వాత ఏ కేసులోనైనా రికార్డింగ్ ఉందంటే ముందు వినిపించమని అనుమతి కోరేదాన్ని. మనిషిని నమ్మాలా వద్దా అన్నది మాత్రం విచారణకు ముందు మా ఇంటర్‌ప్రెటర్లం చేసే ప్రమాణంలో ఎక్కడా లేదు.