వంకర చేతి సాక్ష్యం

మా వీధి చివరి చర్చికి నిన్న సున్నం వేశారు. తడి సున్నం ఘాటు ముక్కుకు తగలగానే రాహేలమ్మ పంతులమ్మగారు గుర్తొచ్చారు. పందొమ్మిది వందల అరవైల చివర్లో, విజయనగరం దగ్గర మా ఊరి మిషన్ బడికి ఆవిడొక్కరే టీచరు. పొట్టి మనిషి, గట్టి గొంతు. దేవుడితో కూడా కాస్త గట్టిగానే మాట్లాడేవారు.

ఎనిమిది పాసైన నన్ను నాన్న హైస్కూలుకు పంపకుండా ఇంట్లో కూర్చోబెట్టాడు. క్రిస్మస్ దాటగానే తను పనిచేసే జూట్ మిల్లులోనే పెట్టేస్తానన్నాడు. నాకేమో చదివి టీచరు కావాలని ప్రాణం కొట్టుకునేది. క్రిస్మస్‌కు ముందొచ్చే ఆగమన కాలం మొదటి ఆదివారం పంతులమ్మగారు చర్చిలో సంఘం మధ్యలో నన్ను నిలబెట్టి ప్రార్థించారు. "ప్రభువా, దీని తండ్రి మనసు మార్సు. పాస్టరుగార్ని పంపుతన్నాం, ఆయన నోట మంచి మాట పెట్టు." పాస్టరుగారు వెళ్లారు. "మాకు కూడు మీరెడతారేటి?" అన్నాడు నాన్న. ఆయన టీ తాగి వచ్చేశారు.

క్రిస్మస్‌కు ముందు చర్చికి సున్నం వేయడానికి మా ఊళ్లో కూలీలను పెట్టరు, ఇంటికొకరు రావాల్సిందే. పంతులమ్మగారిది ఒంటరి బతుకు. "మీ వంతు మేమేస్తాం" అని మగవాళ్లు బతిమాలినా వినలేదు. "నా వంతు మీకిచ్చేసి నేనేటి సెయ్యాలి?" అంటూ నిచ్చెనెక్కారు. జారిపడ్డారు. కుడి చెయ్యి విరిగింది.

కట్టు చూసి ఏడ్చాను. నాకోసం ప్రార్థించినందుకు దేవుడు ఇచ్చే బహుమానం ఇదేనా అని నిజంగానే కోపమొచ్చింది. "నోర్ముయ్యవే. ఆయన పని ఇంకా అవనేదు" అని కసిరారు. "రేపట్నుంచి బడికొచ్చి నల్లబల్ల మీద నువ్వు రాయి." ఆవిడకు అవసరమంటే నాన్న కాదనలేకపోయాడు.

వారం తిరక్కుండా నాన్న ఆవిణ్ణి చూడ్డానికి నాటుకోడి గుడ్లు పట్టుకొచ్చి, బడి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. నేను గుణింతం చెబుతున్నాను, మిల్లు కూలీల పిల్లలంతా నా వెనక గొంతెత్తి అంటున్నారు.

"పంతులమ్మగోరూ, మా గుంటకి ఇంత గొంతున్నాదేటి? ఇంట్లో నోరే ఇప్పదు!"

"నువ్వు ఇప్పనిత్తే కదేటి!"

నాన్న నవ్వేశాడు. గుడ్లు కింద పెట్టి, తల గోక్కుంటూ తనే అడిగాడు: "అయితే జూనుకి హైస్కూల్లో ఏసేమంటారేటి?" ఆ సాయంత్రం మిల్లు గేటు దగ్గర టీ కొట్లో కనబడిన వాళ్లందరికీ మా గుంట పంతులమ్మ అని నా గురించి చెప్పుకున్నాడట.

మరుసటి క్రిస్మస్ ఆరాధనలో, దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పడానికి పంతులమ్మగారు లేచారు. సరిగ్గా అతకని చేతిని అందరికీ కనబడేలా ఎత్తారు. "నేను పాస్టరుగారి నోరు వాడుకోమన్నాను. దేవుడు నా సెయ్యి వాడుకున్నాడు. ఇది వంకరయినాది, ఆ పిల్ల దారి తిన్నగయినాది." మగవాళ్ల వైపు నుంచి అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది మా నాన్నే.

నేను హెడ్మిస్ట్రెస్‌గా రిటైరయ్యాను. ఇప్పటికీ దేవుణ్ణి కావలసింది అడుగుతాను కానీ, ఎలా ఇవ్వాలో చెప్పను. అడగడం అయ్యాక, ఇది జరగడానికి నా దగ్గరున్నదేమైనా నీకు కావాలా అని కూడా అడుగుతాను. రాహేలమ్మగారి శిష్యురాలిని మరి!