నాకెవరూ తొడగని ఉంగరం

మొన్న మధ్యాహ్నం భోజనమయ్యాక టీవీ ముందు కునికిపాట్లు పడుతుంటే, స్పెయిన్ ఉత్తరాన కొండల్లో ఉండే బాస్క్ జనం గురించి ఏదో కార్యక్రమం వచ్చింది. తమ నేల తమదేనని, తమ పాలన తామే చేసుకుంటామని తరతరాలుగా అడుగుతున్నవాళ్ళట, కొందరు తుపాకులు పట్టిన కాలం కూడా నడిచిందట. సగం నిద్రలో వింటున్నదాన్ని, ఒక ముసలావిడ మాటకి లేచి కూర్చున్నాను. చిన్నప్పుడు బళ్ళో ఎవరైనా ఇంటిభాష మాట్లాడితే వేలికి ఒక ఉంగరం తొడిగేవారట, అది వదిలించుకోవాలంటే అదే భాష మాట్లాడిన మరో పిల్లని పట్టివ్వాలట, చివరికి ఎవరి వేలికి మిగిలితే వాళ్ళకి దెబ్బలట. ఆవిడ నవ్వుతూనే చెప్పింది కానీ నాకు మాత్రం మొహం చెల్లక, గదిలో ఎవరూ లేకపోయినా, టీవీ కట్టేశాను.

నాది తెలంగాణలో నల్లగొండ వైపు పల్లె. సాగర్ డ్యాము కట్టే రోజుల్లో మావారు అక్కడ సూపర్‌వైజరుగా పనిచేస్తూ మా నాయినకి పరిచయమై, ఆ పరిచయమే సంబంధంగా మారి, నేను తెనాలి కోడలినయ్యాను. అత్తగారు మంచి మనిషి, ఇప్పటికీ అదే మాట అంటాను. బాపట్లలో ఇచ్చిన ఆడపడుచు మాత్రం పుట్టింటికి వచ్చినప్పుడల్లా నా చేత గోంగూరని పుంటికూర అనిపించి, ఇరుగుపొరుగుని కూడా పిలిచి వినిపించి, పడీపడీ నవ్వేది. కక్షతో కాదు లెండి, సరదాకే. ఎవరూ నా వేలికి ఏమీ తొడగలేదు, ఒక్క దెబ్బ వెయ్యలేదు. నేనే ప్రతి మాటనీ నాలుక మీద ఆపి, సరిచూసుకుని వదలడం నేర్చుకున్నాను. రేపల్లెలో చుట్టాల పెళ్ళిళ్ళకి వెళ్ళినప్పుడు మీదే ఊరమ్మా అని ఎవరైనా అడిగితే, సాగర్‌కి ఇవతల, మాచర్ల దగ్గరండి అని అబద్ధం కూడా చెప్పేదాన్ని.

ప్రత్యేకాంధ్ర ఉద్యమం మన ఈడు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది. బళ్ళు మూతబడి, రైళ్ళు ఎప్పుడు నడుస్తాయో తెలియక, రేపల్లె బండి కూత వినబడితే వీధివీధంతా ఆశ్చర్యపోయిన రోజులవి. అంతకు కొన్నేళ్ళ ముందే మావైపు వాళ్ళు కూడా మా రాష్ట్రం మాక్కావాలని రోడ్డెక్కారు. ఇద్దరూ అడిగేది ఒకటే కదా అని నాకు అప్పుడు తట్టలేదు, తట్టినా అనే ధైర్యం లేదు. ఆడవాళ్ళ ఊరేగింపుకి, పేరంటానికి పిలిచినట్టే, కుంకుమ భరిణె పట్టుకుని ఇంటింటికీ తిరిగి బొట్టు పెట్టి పిలిచారు. మా ఇంట్లో అత్తగారికి పెట్టారు, అప్పుడు పుట్టింట్లోనే ఉన్న ఆడపడుచుకి పెట్టారు, నా దగ్గరికొచ్చేసరికి ఆ పెద్దావిడ చెయ్యి భరిణె మూత మీదికి పోయింది. ముత్తయిదువని అలా దాటిపోవడం ఎంత అవమానమో మీకు చెప్పక్కర్లేదు. అత్తగారే ముందుకొచ్చారు.

"ఆ పిల్ల మా పిల్లేనమ్మా, పెట్టండి."

పెట్టారు. ఆ సంతోషం పట్టలేక, ఊరేగింపులో అందరికంటే గట్టిగా నేనే జై ఆంధ్ర అని అరిచాను, గొంతు బొంగురుపోయేదాకా అరిచాను. స్టేషను రోడ్డు మలుపులో, సోడాకొట్టు పక్కన, తలకి రుమాలు చుట్టుకుని, చంకలో మూటతో మా నాయిన నిలబడి ఉన్నాడు. రైళ్ళు లేకపోతే లారీలు పట్టుకుని, నోరు విప్పితే ఎవరేమంటారోనని దారంతా మాట్లాడకుండా వచ్చాడట. నేను చూసేసరికి నా చెయ్యి ఇంకా పైకే ఉంది.

ఇంటికొచ్చాక వసారాలో అందరి ముందూ అడిగాడు.

"మంచిగున్నవా బిడ్డా?"

పక్కనే ఆడపడుచు నవ్వు ఆపుకుంటోంది.

"బాగున్నానండి. మీరెప్పుడొచ్చారండి?" అన్నాను.

మా ఇంట్లో నాయినని మీరు అనే అలవాటే లేదు. ఆయన నా మొహంలోకీ, నుదుటి మీద బొట్టువైపూ కాసేపు చూసి తల దించుకున్నాడు.

"ఇప్పుడేనండి" అన్నాడు.

కన్నకూతురితో అన్నాడామాట. జొన్నరొట్టెల మూట అత్తగారి చేతికిచ్చి, ఆవిడ ఎంత చెప్పినా భోజనానికి ఆగకుండా, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. గొడవలు సద్దుమణిగేదాకా నన్ను మా ఊరు తీసుకుపోవాలని వచ్చాడన్న సంగతి తర్వాతెప్పుడో అమ్మ చెబితే తెలిసింది, ఆయన అడగనే లేదు. ఆ తర్వాత కూడా నన్ను బిడ్డా అనే పిలిచాడు కానీ, బతికినన్నాళ్ళూ ముందు చుట్టూ ఎవరున్నారో చూసుకుని పిలిచేవాడు. అది తలుచుకుంటే ఈ వయసులో కూడా నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాదు.

ఇప్పుడు రాష్ట్రాలు వేరుపడ్డాయి. మావైపు మాట సినిమాల్లో దర్జాగా వినబడుతోంది, మా మనవరాలు ముచ్చటపడి అలాగే మాట్లాడబోతుంది కూడాను. తమ్ముడు ఫోన్లో మంచిగున్నవా అక్కా అంటే మాత్రం నా నోట ఇప్పటికీ బాగున్నాననే వస్తుంది. ఆ బాస్క్ వాళ్ళలో చాలామంది పెద్దయ్యాక బళ్ళకి వెళ్ళి పోగొట్టుకున్న భాష నేర్చుకున్నారట. నేనైతే ఏమీ మరిచిపోలేదు, ఒక్కదాన్నే ఉన్నప్పుడు అన్ని మాటలూ వస్తాయి. మొన్న టీవీ కట్టేసి వంటింట్లోకి వెళ్ళి, మంచిగున్న నాయినా అని పైకే అన్నాను. అన్నాక, పక్కింటివాళ్ళెవరైనా విన్నారేమోనని కిటికీలోంచి చూశాను.